తీతువు: గుర్తింపు, గూడు, సంతానము

తార్నాక కూడలి దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి వేసవి ప్రొద్దుటిపూట నడచిపోవువారు, బాట విడిచి, ఎండిన గడ్డిదుబ్బులును గులకఱాళ్ళును కలసిన ఎఱ్ఱనేలపై నాలుగడుగులు వేసినంతనే, ఎక్కడినుండియో ఒక పక్షి లేచి, తలమీద చుట్లు తిరుగుచు, ఊపిరి సలుపనీయని ఆర్తితో కూయనారంభించుటయు, మఱియొక దిక్కునుండి రెండవ పక్షి దానితో గొంతు కలుపుటయు, పలువురి యనుభవములో నున్న సంగతియే. ఆ పక్షి తీతువు. దాని కూత విని కీడు శంకించి వెనుదిరుగువారు కొందఱు. చెవులు గింగురుమనుచున్నవని విసుగుకొని ముందునకు సాగువారు కొందఱు. ఈ యిరుతెగలవారును గమనింపని సంగతి యొకటి యున్నది. ఆ కూతకు హేతువు మన భవిష్యత్తులో లేదు, ఆ పక్షి స్వభావములోని గయ్యాళితనములోను లేదు. మన పాదమునకు కొలది బారల దూరమున, నేలపై, ఆకాశమునకు తెఱచియున్న నాలుగు గ్రుడ్లలో నున్నది.

ఆ గ్రుడ్ల కథయే ఈ వ్యాసమునకు విషయము. ఈ పక్షిని తప్పులేకుండ గుర్తించుట యెట్లు, దాని సంతానక్రమమును గూర్చి ఇంతవఱకు స్థిరపడిన జ్ఞానమెంత, విద్వాంసులకు భిన్నాభిప్రాయములు గల తావులెవ్వి, ప్రజల నమ్మకములలో ప్రకృతిసత్యమునకు చెందిన భాగమెంత అను నాలుగు ప్రశ్నలను వరుసగా పరిశీలింతము.

చుట్టఱికము

చలికాలమున హైదరాబాదు చుట్టునున్న పెద్ద చెరువులమీదికి గల్ పక్షులు వచ్చుచుండును. వానిలో గోధుమవన్నె తల గలది టిబెట్టు, లడఖ్ ప్రాంతముల యెత్తయిన సరస్సుల యొడ్డున గ్రుడ్లు పెట్టి, చలి గడచువఱకు మాత్రమే దక్షిణమునకు దిగివచ్చును. నల్లతల గలది ఇంకను ఉత్తరమున, ఐరోపాలోను మధ్య ఆసియాలోను సైబీరియాలోను సంతానము కనును. మన నగరమునకు అవి అతిథులు. వాని గూటిని గాని పిల్లలను గాని చూడవలయునన్న మన కెక్కడ కుదురును? అయితే ఆ గల్ పక్షులు చేరిన గణమునకే చెందినట్టిదియు, మన కాలిబాటల ప్రక్కనే ఏడాది పొడవున నుండి, మన కన్నులయెదుటనే పిల్లలను పెంచునట్టిదియు నగు పక్షి యొకటి కలదు, అదియే తీతువు. శాస్త్రజ్ఞులు కారద్రిఫార్మిస్ అని పేరిడిన ఈ గణములో గల్ పక్షులు, ఉల్లంకులు, తీతువులు మున్నగు నేలపై గ్రుడ్లు పెట్టు జాతులు పెక్కు చేరియున్నవి. కడప జిల్లా పొదనేలలలో 1900 తరువాత ఎవరికంటను బడక, నశించిపోయెనని తలపబడి, 1986లో మరల కనబడిన కలివికోడి కూడ ఈ గణములోనిదే. అరుదైన కలివికోడిని గూర్చి దేశమంతయు మాటలాడుకొనినది, అది న్యాయమే. కాని దాని చుట్టమైన తీతువు మన గుమ్మము ముందటనే యుండుటచేత దానిని గూర్చి తెలిసికొనవలసిన దేమియు లేదనుకొనుట మాత్రము న్యాయము కాదు.

పేరులను గూర్చి రెండు మాటలు. తీతువు, తీతువుపిట్ట అని మన జనులు వాడు మాటయు, టిట్టిభము అను సంస్కృతపదమును, హిందీలోని టిటీరీ, గుజరాతీలోని టిటోడీ అనునవియు అన్నియు ఆ పక్షి కూతనుండియే పుట్టినవని వినినంతనే తెలియును. భాషలు వేఱైనను చెవులు ఒక్కటే యని చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు. తమిళులు మాత్రము కూతను విడిచి పనినిబట్టి పేరు పెట్టినారు. వారి ఆళ్‌కాట్టి యనగా మనిషిని పట్టియిచ్చునది. పందొమ్మిదవ శతాబ్దపు పక్షిగ్రంథములు ఈ తెగకు చితవ అను తెలుగుపేరును కూడ నమోదు చేసినవి.

ఇంతవఱకు జరిగిన కృషి

మన ప్రాంతమున నివసించు తీతువులు ముఖ్యముగ రెండు. కంటిముందు ఎఱ్ఱని కండ గల దొకటి, పసుపుపచ్చని కండ గల దొకటి. ఈ వ్యాసమున సౌలభ్యమునకై వానిని ఎఱ్ఱ తీతువు, పసుపు తీతువు అని వ్యవహరింతము. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఈ రెండింటికిని శాస్త్రీయనామములనిచ్చినవాడు భారతదేశమును చూడని ఒక డచ్చి వైద్యుడు. పీటర్ బొడ్డార్ట్ 1783లో, ఫ్రాన్సున అచ్చయిన రంగుబొమ్మలను ఆధారముగ గొని, ఎఱ్ఱదానికి ఇండికస్ అనియు పసుపుదానికి మలబారికస్ అనియు పేరులు పెట్టెను. అనగా మన పక్షికి శాస్త్రమున తొలుత దక్కినది ఆకారమే. జీవితము దక్కుటకు ఇంకను కాలము పట్టినది. మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ 1862 మొదలుకొని వెలువరించిన భారతీయపక్షుల గ్రంథముతో దక్షిణదేశపు పక్షుల నడవడి కొంతవఱకు అక్షరబద్ధమైనది. నిజాము రాజ్యమున 1931, 1932 సంవత్సరములలో సాలిం ఆలీ చేసిన పక్షిసర్వేక్షణము, తరువాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగములుగ వెలువడి, దక్కనుపీఠభూమిలోని పక్షుల ఉనికిని క్రమపద్ధతిని తెలిపిన రచన యయ్యెను.

గూటి జీవితమును గూర్చి మాత్రము మిక్కిలి విలువగల పరిశీలన 1960 దశకమున జరిగినది. ఎస్. డి. జయకర్, హెలెన్ స్పర్వే అనువారు పసుపు తీతువును గూర్చి ప్రచురించిన వ్యాసములలో, అది మండువేసవియందు నీడలేని నేలపై గ్రుడ్లను ఎట్లు కాపాడుకొనుచున్నదో ఓపికతో పరిశీలించి తెలిపిరి. స్పర్వే ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడైన హాల్డేన్ భార్య. ఆ దంపతులు 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశమునకు వచ్చి, తొలుత కలకత్తాలోను తరువాత భువనేశ్వరమునను పనిచేసిరి. 1964లో హాల్డేన్ మరణించినపిదప ఆమె ఈ దేశముననే నిలిచి, కడపటి యేండ్లు హైదరాబాదున గడపి, 1978లో ఇక్కడనే కన్నుమూసెను. తీతువు గ్రుడ్డును గూర్చి లోకమునకు కొత్త సంగతులు చెప్పిన విదుషి మన నగరపు మట్టిలోనే తుదిశ్వాస విడిచెనని తెలిసినవారు ఇక్కడ ఎందఱుందురు? 1980లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అను పేరుతో, నగరపు చెరువులను బీళ్ళను తిరిగి చూచు అలవాటును తరముల వఱకు నిలిపియున్నది.

గుర్తించుట

ఎఱ్ఱ తీతువు పొడవు 32 నుండి 35 సెంటీమీటర్లు. తల, మెడ ముందుభాగము, ఱొమ్ము నల్లన. కంటి వెనుకనుండి మెడ ప్రక్కగా దిగి కడుపు తెలుపులో కలసిపోవు తెల్లని పట్టె. వీపునను ఱెక్కలమీదను కంచుకాంతి గల గోధుమవన్నె. ముక్కు ఎఱ్ఱన, కొన మాత్రము నలుపు. కాళ్ళు పొడవుగ, పసుపుపచ్చన. కన్నుల ముందు ఎఱ్ఱని కండ చిన్న తునుకవలె నిలిచియుండును. ఎగిరినప్పుడు ఱెక్కలపై తెల్లని పట్టెయు, తెల్లని తోకపై నల్లని అడ్డపట్టెయు స్పష్టముగ కనబడును. ఆడుమగల రూపమున భేదము కనబడదు; మగది కొంచెము పెద్దది, దాని ఱెక్క మడతయందలి ముల్లు కొంచెము పొడవు, కాని దూరమునుండి చూచి ఇది మగ ఇది ఆడ అని చెప్పబూనుట సాహసము.

పసుపు తీతువు దీనికంటె చిన్నది, 26 నుండి 28 సెంటీమీటర్లు. దానికి ఱొమ్మున నలుపు లేదు. నడినెత్తిమీద నల్లని టోపీయు, దాని చుట్టును తెల్లని అంచును, కంటిముందు నిమ్మపండు రంగు కండయు నుండును. వీపును ఱొమ్మును ఇసుకవన్నె, కడుపు తెలుపు. ఎఱ్ఱది నీటిదాపును కోరును. చెరువుగట్టు, తడిపొలము, మురుగునీరు పాఱు కాలువ, పచ్చిక తడుపు తోట దాని కిష్టమైన తావులు. పసుపుది నీటికి దూరమైన ఎండుబీడులను, గులకనేలను కోరును. కావున నేలను చూచియే సగము గుర్తింపవచ్చును. పసుపుదాని కూత సన్నన, పొదుపు; ఎఱ్ఱదాని కూత బిగ్గఱ, పదేపదే.

రెండింటికిని సామాన్యమైన యొక లక్షణము చెప్పవలసియున్నది. కొమ్మను చుట్టి పట్టుకొనుటకు పక్షులకు వెనుకవ్రేలు కావలయును. ఎఱ్ఱ తీతువునకు అది నామమాత్రము, పసుపుదానికి లేనేలేదు. ఆ కారణమున ఇవి చెట్టుమీద వ్రాలి నిద్రింపలేవు, గూడు కొమ్మపై కట్టలేవు. తిండి, నిద్ర, గ్రుడ్డు, పిల్ల, సమస్తమును నేలయే. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొనినచో దాని తక్కిన నడవడి యంతయు అర్థమగును. రాత్రివేళ కూతలను గూర్చి ఒక జాగ్రత్త: పెద్ద పసుపుకన్నులు గల స్టోన్ కర్లూ అను మఱియొక నేలపక్షి కూడ చీకటిలో దీర్ఘముగ కూయును గనుక, చెవి యొక్కదానినే నమ్మి నిర్ణయింపరాదు.

ఋతువు, తావు

ఎఱ్ఱ తీతువు గ్రుడ్లు పెట్టు కాలము మార్చి మొదలు ఆగస్టు వఱకు. పసుపుది చాలవఱకు వానలకు ముందే, ఎండకాలముననే ఆ పని ముగించుకొనును. తక్కిన పక్షులనేకము వానాకాలపు పురుగులకై ఎదురుచూచుచుండగా ఇవి మండుటెండను ఎన్నుకొనుటలోని మర్మమేమి? ఎండిన నేలపై గడ్డి పెరుగకుండుటచేత, గ్రుడ్లపై కూర్చున్న పక్షికి నలుదిక్కులును కనబడును, వచ్చు శత్రువు దూరముననే తెలియును. వానలు మొదలగునాటికి పిల్లలు నడచుచు మేయుచుండును గనుక పురుగుల సమృద్ధి వాని కందును. ఇది చాలవఱకు అంగీకరింపబడిన వివరణము. కాని దీని మూల్యము గొప్పది. మే నెలలో హైదరాబాదు ఎండ నలుబది డిగ్రీలను దాటును. బండఱాయి, గులక, ఎఱ్ఱమట్టి గాలికంటె ఎక్కువ వేడెక్కును. అట్టి నేలపై నీడలేక పడియున్న గ్రుడ్డు కొలదిసేపటికే చచ్చిపోవును.

గూడనుమాట ఇక్కడ మర్యాదకు వాడుచున్నాము. నేలపై ఱొమ్ముతో రుద్ది కాళ్ళతో గోకి చేసిన లోతులేని గుంట యొకటి. దాని చుట్టును చిన్న గులకలు, మేకపెంటికలు, ఎండిన మట్టిబెడ్డలు. అంతకు మించి ఏమియు లేదు. చదునైన డాబాలపైనను, రైలుపట్టాల నడుమనున్న కంకఱపైనను గ్రుడ్లు పెట్టిన సంఘటనలు కూడ నమోదైనవి. రైలు వచ్చినప్పుడు లేచి, అది పోయినపిదప మరల వచ్చి కూర్చుండెనట. పక్షికి కావలసినది గులక పఱచిన బయలు. అది ప్రకృతి యిచ్చినదా, మనుష్యుడు పోసినదా యను విచారము దానికి లేదు.

గ్రుడ్లు

గ్రుడ్లు సాధారణముగ నాలుగు, ఒక్కొక్కప్పుడు మూడు. ఎఱ్ఱ తీతువు గ్రుడ్డు సగటున 42 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు. మట్టిరంగు నేలపై నల్లని మచ్చలు. ఒక కొన వెడల్పు, ఒక కొన కూచి. పిల్లలు త్రిప్పు బొంగరమును పోలియుండును. నాలుగు గ్రుడ్లును కూచికొనలను లోపలికి త్రిప్పి, నాలుగు ఱేకుల పువ్వువలె అమరియుండును. ఆకారమునకు కారణమేమి యను ప్రశ్నపై విద్వాంసులలో వాదము ఇంకను సాగుచున్నది. చిన్నదేహము క్రింద నాలుగు పెద్దగ్రుడ్లు ఖాళీ లేకుండ ఇముడుటకే ఈ రూపమని పాతమతము. 2017లో మేరీ స్టాడర్డ్ బృందము వేయికి పైగా పక్షిజాతుల గ్రుడ్లను కొలిచి, గ్రుడ్డు ఆకారమునకును పక్షి యెగురు శక్తికిని సంబంధము కలదని ప్రతిపాదించినది. మొదటిది ఒక్కొక్క జాతి అవసరమును చెప్పును, రెండవది సమస్త పక్షిజాతి ధోరణిని చెప్పును. తీతువు విషయమున రెండును కూడ కొంత సత్యము కావచ్చునని నా యభిప్రాయము. పువ్వువలె అమరిన ఆ నాలుగింటిని చూచినవాడు పాతమతమును సులభముగ విడువలేడు.

పొదుగు కాలము 28 నుండి 30 దినములు. ఆలుమగలు రెండును వంతులవారీగ కూర్చుండును; మిట్టమధ్యాహ్నపు వేడిమిలో మగది వచ్చి ఆడుదానిని విడిపించుట పరిశీలకులు గమనించిరి. పొదుగుట అనగా వెచ్చజేయుట యని మన సామాన్యభావన. తీతువు విషయమున ఆ భావన సగమే నిజము. తెల్లవాఱుజామున అది గ్రుడ్లను వెచ్చజేయును. ప్రొద్దెక్కినకొలది వానికి గొడుగగును. అప్పుడది గ్రుడ్లపై కూర్చుండదు. కాళ్ళపై నిలిచి, ఱెక్కలు కొంచెము విడదీసి, నోరు తెఱచి రొప్పుచు, తన నీడను వానిపై పఱచి నిలుచును. నిప్పులు చెఱగు ఆ వేళలో మనుష్యుడొకడు తెలియక వచ్చి గూటిదగ్గఱ అరగంటసేపు మాటలాడుచు నిలబడినచో, ఆ పక్షి తిరుగుచు కూయుచుండుటయేగాని వచ్చి నీడ పట్టలేదు. చేతితో తాకకుండగనే, కాలితో త్రొక్కకుండగనే, గ్రుడ్లను చంపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

నీటిని మోయుట

ఈ పక్షుల నడవడిలో మిక్కిలి ఆసక్తికరమైనది కడుపు తడుపుకొనుట. తీతువు నీటియొడ్డుకు పోయి, ఱొమ్ము కడుపు ఈకలను నీటిలో ముంచి, తడిసినదేహముతో గూటికి తిరిగివచ్చి గ్రుడ్లపై కూర్చుండును. ఇది నిర్వివాదము. ఎందులకు అనునది మాత్రము వివాదము. ఆవిరియగు నీటిచే గ్రుడ్లు చల్లబడునని ఒక పక్షము. గూటిచుట్టు గాలిలో తేమ పెరిగి పెంకులోని పిండము ఎండిపోకుండునని ఒక పక్షము. అన్నింటికంటె ముందు తల్లియో తండ్రియో తన దేహమును చల్లార్చుకొని మరల కూర్చుండుటకు శక్తి తెచ్చుకొనునని ఒక పక్షము. పొదిగినపిదప పిల్లలు ఆ తడిఈకలను చప్పరించి దప్పి తీర్చుకొనునని ఒక పక్షము. 1975లో మెక్లీన్ అను శాస్త్రజ్ఞుడు ఈ గణమున కడుపు తడుపుకొను జాతులన్నింటిని గూర్చి సమీక్ష వ్రాసినపిదప కూడ ఈ నాలుగు పక్షములను ఒక్కటిగ కుదింపవలసిన యవసరము కనబడలేదు. ఒకే పనికి నాలుగు ప్రయోజనములుండుట ప్రకృతిలో వింతయేమి కాదు. మన ఇంటి ఇల్లాలు కడవతో తెచ్చిన నీరు వంటకు, దాహమునకు, తులసికోటకు కూడ పనికివచ్చుచుండలేదా!

అయితే ఈ యలవాటునుండి ఒక ముఖ్యమైన సంగతి తేలుచున్నది. గూటికి తడిఈకలు ఆఱిపోకముందే చేరగలిగినంత దూరముననే నీరుండవలయును. కాబట్టి ఆవరణలోని చిన్న నీటిమడుగును పూడ్చినవారు గూటిని ముట్టకపోయినను గూటిపై భారము పెంచుచున్నారు.

పెంకు, పిల్ల

పిల్లలు ఇంచుమించుగ ఒకేసారి పెంకు చీల్చుకొని వచ్చును. పైన బూడిదగోధుమ మచ్చల నూగు, కన్నులు తెఱచియే యుండును, తడి ఆఱగనే నడువగలవు. ఒక్కదినము గడచునంతలో అవి గుంటను విడిచిపోవును. తల్లిదండ్రులు తిండి తెచ్చి నోటికందీయవు. పిల్లలే మేయును, పెద్దవి కాపలా కాచును, చలికి ఎండకు ఱెక్కలక్రిందికి పిలుచును. హెచ్చరికకూత వినబడినంతనే పిల్ల నేలకు హత్తుకొని బిగుసుకొనిపోవును. అప్పుడు రెండడుగుల దూరమున నిలిచి వెదకినను అది గులకలలో ఒక గులకయే.

ఈ మఱుగు రంగు ఎంత నమ్మదగినది అను ప్రశ్నకు సమాధానము మన చలికాలపు అతిథియైన నల్లతల గల్ పక్షియే ఇచ్చినది. నికో టింబర్గెన్ అను శాస్త్రజ్ఞుడు, ఇంగ్లండు పడమటితీరమున రావెన్‌గ్లాసు ఇసుకదిబ్బలపై గూళ్ళు పెట్టుకొను ఆ పక్షులు పిల్ల వెలువడగనే విఱిగిన పెంకును ఎత్తుకొనిపోయి దూరమున పాఱవేయుట చూచి, ఎందులకని విచారించెను. గ్రుడ్లప్రక్కన విఱిగిన పెంకులను దగ్గఱగను దూరముగను పెట్టి చూడగా, పెంకు దగ్గఱగనున్న గ్రుడ్లనే కాకులును గల్ పక్షులును ఎక్కువగ కనిపెట్టి తినినవి. పెంకు లోపలి తెలుపు దొంగకు దారి చూపుచున్నది. 1962లో ప్రకటితమైన ఈ పరీక్ష జంతుప్రవర్తనాశాస్త్రమున నేటికిని ఉదాహరింపబడుచున్నది. దాని కర్తకు 1973లో మఱి యిద్దఱితోకూడ నోబెల్ బహుమానము లభించినది. దీనివలన మనము నేర్చుకొనదగిన పాఠమిది: గ్రుడ్డు రంగు సగము రక్షణ మాత్రమే; తక్కిన సగము తల్లిదండ్రుల నడవడి. తీతువు గూటిని చూచి, రంగు ఎంత చక్కగ కలసియున్నదని మెచ్చుకొనువారు ఆ కూతను, ఆ చుట్లు తిరుగుటను కూడ అదే రక్షణలో భాగముగ లెక్కింపవలయును.

కావలి

తీతువు కావలి నేర్పు శత్రువునుబట్టి మాఱుచుండును. మనుష్యుడును కుక్కయు దూరమున కనబడినప్పుడు అది గ్రుడ్లనుండి చడీచప్పుడులేక లేచి, నేలబారున పరుగెత్తి, చాలదూరము పోయినపిదపనే ఎగిరి కూయును. కూత పుట్టినచోట గూడుండదు. కాకి, గ్రద్ద పైనుండి వచ్చినప్పుడు వెంటబడి తలమీదికి దుముకును. మేయుచు వచ్చు గేదెయెదుట ఱెక్కలు చాచి నిలబడి, దాని డెక్కను ప్రక్కకు మళ్ళించును. పిల్లలున్నప్పుడు ఱెక్క విఱిగినట్లు నేలపై పొర్లుచు శత్రువును తనవెంట దూరముగ కొనిపోవుటయు, గ్రుడ్లు లేనిచోట పొదుగుచున్నట్లు కూర్చుండి మోసగించుటయు కూడ కలవు. ఇన్ని యుపాయములున్నను నష్టము తక్కువ కాదు. ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో దేశాయి, మల్హోత్రా అనువారు చేసి 1976లో ప్రకటించిన పరిశీలనలో సంతానసాఫల్యము నూటికి సుమారు నలుబది మాత్రమే. ముంగిసలు, కాకులు, గ్రద్దలు గ్రుడ్లదశలోనే హెచ్చుభాగమును హరించును. మొదటివారము గడచిన పిల్ల బ్రదుకు ఆశ మెఱుగగును. ఈ లెక్క ఒకచోటిది, అన్నిచోట్లకు వర్తింపజేయరాదు. కాని కూత ఎందులకంత తీవ్రముగ నుండునో తెలిసికొనుటకు చాలును.

నమ్మకములు

తీతువు కూత మరణసూచకమను నమ్మకము మన పల్లెలలోను పట్టణములలోను కూడ కలదు. వెన్నెలరాత్రులలో ఇది మెలకువగనుండి పురుగులను మేయును. పొలము, శ్మశానము, ఊరిబయలు దాని తిరుగుడు తావులు. అట్టి వేళ అట్టి చోటికి మనుష్యుడు పోవునది పెక్కుసారులు ఆపదవేళనే. కూతయు ఆపదయు ఒకేచోట కూడుటచేత ఒకటి రెండవదానికి కారణమని తోచుట సహజమే. అయితే ఈ నమ్మకమును అజ్ఞానమని త్రోసివేయుటకంటె, దానిలోని వినికిడిని గౌరవించి దాని తర్కమును సరిదిద్దుట మేలు. చీకటిలో ఆ కూతను విని, ఏదో యొకటి కదలినదని గ్రహించిన పూర్వులు తప్పు వినలేదు. కదలినది మృత్యువు కాదు, నక్కయో కుక్కయో మనుష్యుడో.

పంచతంత్రమునందు మిత్రభేదమున టిట్టిభదంపతుల కథ ప్రసిద్ధము. సముద్రతీరమున గ్రుడ్లు పెట్టవలదని భార్య చెప్పగా భర్త గర్వమున వినకపోవుటయు, సముద్రుడు గ్రుడ్లను హరించుటయు, పక్షులన్నియు గరుత్మంతునికడ మొఱపెట్టగా విష్ణువు సముద్రుని బెదిరించి గ్రుడ్లను మరల ఇప్పించుటయు అందలి యితివృత్తము. నీతిని ప్రక్కనుంచి చూచినను ఆ కథయందలి పక్షిజ్ఞానము నిర్దుష్టము. నీటియొడ్డున పెట్టిన గ్రుడ్లు నీట మునుగుట ఈ జాతికి నిజమైన ఆపద. చెరువు ఎండినచోట మే నెలలో పెట్టిన గ్రుడ్లు జూను వానకు కొట్టుకొనిపోవుట నేటికిని జరుగుచున్నది. మాళవమున భిల్లులు, తీతువు వాగునడుమ గ్రుడ్లు పెట్టినచో వానలు ఆలస్యమగుననియు గట్టుపై పెట్టినచో సకాలమున కురియుననియు తలంతురు. వానరాకను ఆ పక్షి ముందుగ నెఱుగునా యనునది ఋజువు కాలేదు. కాని వాన వచ్చినచో గ్రుడ్లకేమగునో ఆ జనులు చక్కగ నెఱిగియున్నారు. ఆకాశము పడిపోవునను భయమున తీతువు కాళ్ళు పైకెత్తి పండుకొనునను మాట మాత్రము కేవలము హాస్యకల్పన. కాలు మడిచి నేలపై గాని ఒంటికాలిపై గాని అది విశ్రమించును.

ఈ ఆవరణమున

విశ్వవిద్యాలయము 1918లో నెలకొన్నను, అడిక్‌మెట్టు బయళ్ళలో దాని స్థిరనివాసము తరువాతి కాలమున ఏర్పడినది. గులాబివన్నె ఱాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. ఆనాటికి చుట్టునున్నది బండలు, పొదలు, బీళ్ళు. పిదప తార్నాక, హబ్సీగూడ ప్రాంతమున పరిశోధనాలయములు ఒకదాని ప్రక్కన ఒకటి వెలసినవి: 1958లో కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము, 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ, 1977లో కణజీవశాస్త్ర కేంద్రము. 2017లో మెట్రో రైలు తార్నాక మీదుగ సాగినది. ఇవన్నియు మన గౌరవమునకు హేతువులే. కాని తీతువు దృష్టిలో చరిత్ర వేఱు: చదునైన బయలు తగ్గుచున్నది, మిగిలిన బయలు గోడల నడుమ నున్నది, గోడల లోపల విద్యాసంస్థల నేల యొక్కటియే ఇంకను గులకతో గడ్డితో విడువబడియున్నది.

ఎఱ్ఱ తీతువు జాతి ఆపదలో లేదు; నగరమునకు అలవాటు పడుటలో అది దక్షత గలది. ఆ కారణముననే దానిని ఉపేక్షించుట తేలిక. చెట్లు నాటుట ఒక్కటియే ప్రకృతిసేవయని నమ్మి ప్రతి బీడును మొక్కలతో నింపుట, ఎండుగడ్డిని పనికిరాని నేలగా ఎంచి యంత్రముతో గీకివైచుట, ఏప్రిలు మే నెలలలో మైదానమును చదును చేయుట, ఇవన్నియు సదుద్దేశముతో జరుగు పనులే. అయినను నేలపై గ్రుడ్లు పెట్టు పక్షికి బీడే ఇల్లు, గులకయే గూడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను గూళ్ళను పాడుచేయుటను కూడ వేట యనియే పరిగణించును. చట్టము తెలియనివారికిని ఆచరణ సులభమే. మార్చి మొదలు జూలై వఱకు ఒకటి రెండు బీళ్ళను కదలింపకుండుట, గూడు కనబడినచోట నాలుగు గుర్తుఱాళ్ళు దూరముగ నిలిపి యంత్రమును ప్రక్కకు మళ్ళించుట, కుక్కలను ఆ వైపు విడువకుండుట, నీటిగుంటను పూడ్చకుండుట: ఇంతకు మించినది అక్కఱలేదు. జీవశాస్త్ర విద్యార్థులు దూరదర్శినితో ముప్పది దినములు ఒక గూటిని చూచి, ఎవరు ఎంతసేపు కూర్చుండిరో, ఎన్నిమారులు తడిసి వచ్చిరో వ్రాసిపెట్టినచో, పైన వివాదములుగ చెప్పినవానిలో ఒకటి రెండింటికి ఈ ఆవరణయే సమాధానము చెప్పగలదు.

ఇక తక్కిన మనబోటి పాదచారులకు ఒక్క సంగతి. తీతువు కూయగనే ఆగవలయును. ఎగిరిన పక్షిని గాక కాలిముందటి నేలను చూడవలయును. గ్రుడ్లు కనబడకపోవచ్చును, వెదకరాదు. వచ్చిన అడుగుజాడలలోనే వెనుకకు పది అడుగులు వేసి చెవి యొగ్గినచో, కూత తీవ్రత పెరిగెనా తగ్గెనా తెలియును. ఏ దిక్కున కూత తగ్గునో అదియే మన దారి.